మంజుల పద్మనాభన్ నాటకాలు కొని, ఇంట్లో పైకి చదివాం

ముందే చెప్పేస్తున్నా, నాటకాల పుస్తకం కొని మంచం మీద పడుకుని చదువుకునే మనిషిని కాను నేను. నాటకం చూడాలి గానీ చదవడమేంటి అనుకునేదాన్ని. అలాంటిది మంజుల పద్మనాభన్ నాటకాలు ఒక ఆన్‌లైన్ షాపులో ఆర్డర్ పెట్టాను. అట్ట మూల మడతపడి వచ్చింది, ప్యాకింగ్ గురించి వాళ్ళకి నాలుగు మాటలు రాశాను, ఇప్పటిదాకా జవాబు లేదు. అది పోనీండి. రివ్యూ పుస్తకం లోపలున్న వాటి గురించి.

ఈవిడ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1953లో ఢిల్లీలో పుట్టారు. ఇంగ్లీషులో రాస్తారు. నాటకాలే కాదు, కథలు, నవలలు రాస్తారు, బొమ్మలు వేస్తారు, ‘సుకీ’ అనే కామిక్ స్ట్రిప్ గీసింది కూడా ఈవిడే. బొమ్మలు వేసే చెయ్యి కాబట్టో ఏమో, స్టేజి మీద ఏది ఎక్కడుండాలి, ఎవరు ఎటు తిరిగి నిలబడాలి, ఏది కనపడాలి, ముఖ్యంగా ఏది కనపడకూడదు అన్న లెక్క చాలా గట్టిగా ఉంటుంది. 1997లో ‘హార్వెస్ట్’ నాటకానికి గ్రీసు దేశపు ఒనాసిస్ బహుమతి వచ్చింది, పేరు దేశం దాటింది దానితోనే. నేను మాత్రం దాని జోలికి వెళ్ళకుండా అంతకంటే పాతదైన ‘లైట్స్ అవుట్’తో మొదలుపెట్టాను. చిన్నది కదా, ఒక్క పూటలో అయిపోతుందని.

మొదటిసారి ఒక్కదాన్నే మనసులో చదువుకున్నా. నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. చెప్పిందే చెప్తారు, తిప్పి తిప్పి అదే వాదన. బొంబాయిలో ఒక ఫ్లాటు, కాస్త ఉన్నవాళ్ళే. భార్య లీల, భర్త భాస్కర్. ఎదురుగా కడుతున్న బిల్డింగులో రోజూ రాత్రి ఏదో జరుగుతోంది, ఒక ఆడమనిషి అరుపులు వినపడుతున్నాయి. లీల పోలీసులకి ఫోన్ చెయ్యమంటుంది, భాస్కర్ చేద్దాంలే అంటాడు. భోజనానికి మోహన్ రామ్ అనే స్నేహితుడొస్తాడు. వాడికి ఎక్కడలేని ఆసక్తి, అసలు అదేంటో చూద్దామంటాడు. తర్వాత నైనా, సురీందర్ అని ఇంకో జంట వస్తారు. అందరూ కిటికీ దగ్గర చేరి మాట్లాడుకుంటారు. అంతే నాటకం.

మనకి పరిషత్తు నాటికలు చూసిన అలవాటుంటే సెట్టు కళ్ళకి కట్టేస్తుంది: ఒక సోఫా, ఒక డైనింగ్ టేబుల్, ఇటు లోపలికి తలుపు, అటు బయటికి తలుపు. ఒకటే సెట్టు, మారేది లేదు. అయితే మన నాటికల్లో ఆ సోఫా మీద కూర్చునేవాళ్ళ బాధే నాటిక. ఇక్కడ బాధ ఎక్కడో బయట ఉంది, సోఫా మీద ఉన్నది కబుర్లే.

విసుగొచ్చిందని చెప్పి పక్కన పడేసేదాన్నే. మా వదిన (మా ఆయన అక్క) ఆ శనివారం వచ్చి, పుస్తకం తిరగేసి, "ఇది పైకి చదవాలే పిల్లా, పంచుకుని చదువుదాం" అంది. ఆవిడ కాలేజీ రోజుల్లో నాటికలు వేసిన మనిషి, ఇప్పటికీ ఫోన్ మాట్లాడినా వెనక బెంచీకి వినపడేలా మాట్లాడుతుంది. సరేనని కూర్చున్నాం. లీల నేను, భాస్కర్ మా ఆయన, నైనా వదిన, సురీందర్ అన్నయ్యగారు, మోహన్ రామ్ మా ఆయన ఆఫీసు ఫ్రెండు. ఇంక మిగిలింది ఫ్రీడా అనే పనమ్మాయి పాత్ర, దాన్ని పై ఫ్లోర్ ఆంటీ కూతురికి ఇచ్చాం, డిగ్రీ చదువుతోంది. పాపం తను పుస్తకం అంతా తిప్పి చూసి "అక్కా, నాకు ఒక్క డైలాగు కూడా లేదు" అంది.

నిజంగానే లేదు. నాటకం మొత్తం ఫ్రీడా అక్కడే ఉంటుంది, వంటింట్లో పని చేస్తూ, చెప్పింది తెచ్చిస్తూ, వడ్డిస్తూ. ప్రేక్షకులకి కనపడుతూనే ఉంటుంది గానీ నోరు తెరవదు. ఒంటరిగా చదివినప్పుడు అసలు ఆ మనిషి ఉందన్న సంగతే నాకు తట్టలేదు, ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కాగితం మీద డైలాగు లేని మనిషి కంటికి కనపడదు మరి.

డైలాగు లేదు కదా అని వదిన ఆ అమ్మాయి చేతికి ఒక స్టీలు గ్లాసు, చెంచా ఇచ్చింది. స్క్రిప్టులో బయటినుంచి అరుపు వచ్చిన ప్రతిచోటా టంగుమని కొట్టాలి. మేం అరవలేం కదా, అపార్ట్‌మెంటు, పక్కవాళ్ళు పరిగెత్తుకొస్తారు. (వస్తారా? ఆ మాట అన్నది మా ఆయనే, తర్వాత తనకే అదోలా అయింది.)

మొదటి సీనులో గ్లాసు మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాం, నవ్వుకున్నాం కూడా. మా ఆయన భాస్కర్‌ని అద్భుతంగా చదివాడు. నటించాల్సిన పని లేకుండా సరిపోయింది అంటే బాగుంటుంది. మనకెందుకు, పోలీసుల దగ్గరికి వెళ్తే తిరిగి మననే అడుగుతారు, రేపు చూద్దాం, నువ్వు అనవసరంగా టెన్షన్ పడుతున్నావు... ఈ ధోరణి. వదిన మధ్యలో ఆపి "ఒరేయ్, మొన్న అసోసియేషన్ మీటింగులో నువ్వు మాట్లాడింది ఇదేగా" అంది, అందరం పడీ పడీ నవ్వాం.

తర్వాత మోహన్ రామ్ వచ్చాక సంగతి మారుతుంది. అతనిది భాస్కర్ కంటే పెద్ద తెలివి. వాళ్ళు చీకట్లో దాక్కోకుండా వెలుతురులోనే చేస్తున్నారు కదా, నేరమైతే అలా చేస్తారా, కాబట్టి అది నేరం కాదేమో. ఏదన్నా మతపరమైన తంతేమో. దెయ్యం వదిలిస్తున్నారేమో, అలాంటప్పుడు అరుపులు మామూలేగా. మతం విషయంలో మనం కలగజేసుకోవచ్చా? సరే అది కాదు, ఆ ఆడమనిషి ఎలాంటిదో మనకేం తెలుసు? డబ్బు తీసుకునే మనిషైతే దాన్ని బలాత్కారం అంటారా? ఈ వరసలో, మెట్టు మీద మెట్టు, చాలా తీరిగ్గా, అన్నం తింటూ, లాయర్లలాగా. ఒక్కో వాదన దానికదే వింటే నిజమేగా అనిపిస్తుంది. ఆవిడ పనితనం అంతా అక్కడుంది. వాళ్ళని దుర్మార్గులుగా రాసుంటే మనం హాయిగా తిట్టుకుని ఇంటికి పోయేవాళ్ళం. తెలివైనవాళ్ళుగా, సరదా మనుషులుగా రాసింది. మధ్యలో లీల స్నేహితురాలెవరో, చూస్తూ ఊరుకుంటే మనం కూడా బాధ్యులమే అందని చెప్తే, ఆవిడ మేధావిలే అని వెటకారం. ఈ వెటకారం ఎక్కడో విన్నట్టు లేదూ!

ఒంటరిగా చదివినప్పుడు విసుగనిపించిన ఆ గానుగెద్దు తిరుగుడే, పైకి చదివితే ఒక మత్తులా ఎక్కింది. వాదనలో పడిపోయాం. మా ఆయన ఫ్రెండు గొంతు పెంచి చదువుతుంటే అన్నయ్యగారు అంతకంటే పెంచి అందుకున్నారు. చివర్లో సురీందర్‌కి ఆవేశం వచ్చి వెళ్ళి వాళ్ళని చంపేద్దామంటాడు, కత్తులు తీసుకెళ్దామా, యాసిడ్ తీసుకెళ్దామా అని ఇంకో చర్చ మొదలవుతుంది, ఫోటోలు తీద్దామన్న ఆలోచన కూడా వస్తుంది. అది తేలేలోపు కిటికీ బయట అంతా అయిపోతుంది, వాళ్ళు వెళ్ళిపోయుంటారు.

అయ్యాక టీ తాగుతుంటే ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది: "అక్కా, చివర్లో రెండు మూడు పేజీలు నేను గ్లాసు కొట్టలేదు. కావాలనే మానేశాను. మీరెవరూ చూసుకోలేదు."

నిజమే. ఎవరం చూసుకోలేదు. ఆ టీ కూడా ఆ అమ్మాయే పెట్టి తెచ్చింది, ఖాళీగా ఉంది కదా అని.

నాటకం గురించి నేను ఇంతకంటే చెప్పగలిగింది లేదు గానీ, ఒక్క విషయంలో మా ఇంట్లో గొడవైంది. చివర్లో రచయిత్రి, ఇది నిజంగా జరిగిన సంఘటన ఆధారంగా రాసింది అని నేరుగా ప్రేక్షకులకి చెప్పిస్తుంది. 1982, బొంబాయి, శాంతాక్రజ్. నాటకంలోలాగే నిజంగానూ మధ్యతరగతి మనుషులు కొందరు చూస్తూ ఊరుకున్నారని. నాకు ఇది నచ్చలేదు. అప్పటిదాకా అంత నేర్పుగా మమ్మల్ని బోనులోకి తోలుకొచ్చి, ఆఖర్న తాళం వేస్తున్నా చూడండి అని చెప్పడమెందుకు? మా ఆయన మాత్రం అది లేకపోతే జనం ‘నాటకం కాబట్టి అలా రాసింది, నిజంగా ఎవరుంటారు ఇలా’ అని దులుపుకుని పోతారన్నాడు. ఇంకా తేలలేదు. భాస్కర్‌ని చదివిన మనిషే ఆ మాట అన్నాడు కాబట్టి నేను ఎక్కువ వాదించలేదు.

ఇంకోటి, ఆ ఆడమనిషిని ఒక్కసారి కూడా స్టేజి మీద చూపించదు. మన సినిమాల్లో ఇలాంటి సీనుకి కెమెరా ఎక్కడెక్కడ తిరుగుతుందో అందరికీ తెలుసు. ఇక్కడ కనపడేది చూస్తున్నవాళ్ళ మొహాలే. ఏం చూస్తున్నారో వాళ్ళ మాటల్లో వినాలి, ఆ మాటల్లో ఎంత రుచి ఉందో కూడా వినాలి. మోహన్ రామ్ ఉత్సాహం చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక ‘హార్వెస్ట్’. ఇది నేను ఒక్కదాన్నే చదివాను, కథ పూర్తిగా చెప్పేస్తున్నా, ఇష్టం లేనివాళ్ళు ఈ భాగం వదిలేసి కిందికి వెళ్ళండి. 1997లో బయటికొచ్చిన నాటకం, కథాకాలం 2010. ముంబైలో ఒకే గది ఇల్లు. ఓం ఉద్యోగం పోయిన కుర్రాడు, భార్య జయ, తల్లి, తమ్ముడు జీతు. ఇంటర్‌ప్లాంటా అనే కంపెనీ ఓంకి ‘ఉద్యోగం’ ఇస్తుంది. పనేంటంటే ఆరోగ్యంగా ఉండటం, అవతల డబ్బున్న దేశంలో ఒకరికి అవసరమైనప్పుడు ఒంట్లోది ఇవ్వడం. మనదేశంలో అవయవాల అమ్మకాన్ని నేరం చేస్తూ 1994లో చట్టం వచ్చింది, దాని తర్వాత రాసిన నాటకం ఇది. కిడ్నీలు అమ్ముకున్న కూలీల వార్తలు మన పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు, అందుకే ఊహాకల్పన అంటే నాకు నవ్వొస్తుంది.

బావున్నదేంటంటే కంపెనీ వాళ్ళు ముందు కోసేది మనిషిని కాదు, ఇంటిని. గార్డులొచ్చి పొయ్యి, సామాను అన్నీ పట్టుకుపోతారు, వాటి బదులు రంగురంగుల గోళీల్లాంటి తిండి పెడతారు. గది మధ్యలో ఒక తెల్లటి గోళం వేలాడదీస్తారు. అందులోంచి జిన్నీ అనే అమెరికా అమ్మాయి ఎప్పుడుపడితే అప్పుడు కనపడి మాట్లాడుతుంది. వీళ్ళు పక్కవాళ్ళతో కలిసి ఒకే టాయిలెట్ వాడుతున్నారని తెలిసి ఆవిడ హడలిపోతుంది, వెంటనే ఇంట్లోనే పెట్టించేస్తారు. వీళ్ళు నవ్వుతూ ఉండాలి, దిగులు పడితే ఒంటికి మంచిది కాదు, ఒళ్ళు ఆవిడది కదా. అత్తగారికి టాయిలెట్ వచ్చింది, షవర్ వచ్చింది, టీవీ వచ్చింది, ఆవిడకి ఇంకేం అక్కర్లేదు. పెళ్ళయినవాడికి ఆ ఉద్యోగం ఇవ్వరు కాబట్టి కాగితాల్లో జయ ఓంకి చెల్లెలు అయిపోతుంది. ఈ ఒక్క ముక్క దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నా. కిడ్నీ సంగతి తర్వాత, ముందు పోయింది చుట్టరికం.

తీసుకెళ్ళడానికి గార్డులొస్తే ఓం దాక్కుంటాడు, పొరపాటున తమ్ముణ్ణి పట్టుకుపోతారు, అతని కళ్ళు తీసేసుకుంటారు. తల్లి ఒక సోఫాలాంటి యంత్రం తెప్పించుకుని, తిండి, మిగతా అవసరాలు అన్నీ అందులోనే అమిరిపోతాయి కాబట్టి, టీవీ చూస్తూ అందులోకి వెళ్ళి మూత వేసుకుంటుంది. ఇక బయటికి రాదు. 1997లో ఇది వెటకారంగా రాసుంటుంది. ఇప్పుడు చదివితే మా ఇంట్లో రాత్రి పదింటికి హాల్లో కనపడే దృశ్యం, మూత ఒక్కటే తక్కువ.

అయితే లోపాలు లేవా అంటే ఉన్నాయి. తల్లి పాత్ర మరీ ఒకే పక్కకి వాలింది. కోడలంటే కోపం, కొడుకంటే ముద్దు, టీవీ అంటే ప్రాణం, అంతకంటే లోపలికి వెళ్ళలేదు. ఇంగ్లీషు కూడా ఒక ఇబ్బందే. ఒకే గదిలో బతికే కుటుంబం ఈ భాషలో పోట్లాడుకుంటుంటే కొన్నిచోట్ల చెవికి అతకదు, మనసులోనే తెలుగులోకి మార్చుకుంటూ చదివాను. జిన్నీ మాటలు మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి, ఆ తియ్యదనం తెలుగులో రాదు. దీన్నే గోవింద్ నిహలానీ 2001లో ‘దేహం’ పేరుతో సినిమా తీశారు.

చివరి సీను దగ్గర మాత్రం నా ఫిర్యాదులన్నీ ఎగిరిపోయాయి. ఓం తనంతట తానే వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. జయ ఒక్కతే మిగిలింది. అప్పుడు తెలుస్తుంది జిన్నీ అనే మనిషే లేదని, అదంతా వర్జిల్ అనే ముసలాడు ఆడించిన బొమ్మ అని. వాడిప్పుడు జీతు శరీరంతో జయకి కనపడతాడు. ఆమెకి బిడ్డ కావాలని తెలుసు, బిడ్డనిస్తానంటాడు, కానీ దగ్గరికి రాడట, యంత్రంతోనే పని. జయ ఒప్పుకోదు. కావాలంటే నువ్వే రా, ఈ గదిలోకి, ఈ మురికిలోకి, మనిషిలా. లేదంటే చస్తాను. నా చావొక్కటే నా చేతిలో ఉంది, అదీ దక్కనివ్వను. తలుపు వేసుకుని కూర్చుంటుంది.

ఇంకో మెలిక ఉంది, ఇది తెలుగువాళ్ళకి ఇంగ్లీషువాళ్ళకంటే బాగా పడుతుంది. వర్జిల్‌కి జయ పేరు పలకడం రాదు, జ దగ్గర నాలుక తిరగక ఇంకేదోలా అంటాడు. సరిగ్గా పలుకు అంటుంది ఆమె. మనకి జడలో జ వేరు, జయలో జ వేరు, చిన్నప్పుడు పలకడం తేడా వస్తే అమ్మమ్మ ఆపి మళ్ళీ పలికించేది. అలా పలికిస్తోంది ఈ పిల్ల, ఒంటిని కొనుక్కోవడానికి వచ్చినవాడి చేత. ఆ పేరుకి అర్థం ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత వాడి మాట వినపడకుండా టీవీ సౌండ్ పెంచుకుని కూర్చుంటుంది, నాటకం అయిపోతుంది.

టీవీ సౌండ్ దగ్గర నాకు ఇంకోటి గుర్తొచ్చింది, రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పోయిన ఏడాది కింద ఫ్లాటులో రాత్రిపూట గొడవలయ్యేవి, ఆవిడ ఏడుపు వినపడేది. పిల్లాడికి పరీక్షలు. మేం కిటికీ వేసి టీవీ సౌండ్ పెంచేవాళ్ళం. తర్వాత వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. లైట్స్ అవుట్ చదివిన రాత్రి మా ఆయన ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సౌండు పెంచడం రెండు రకాలన్నమాట.

‘హిడెన్ ఫైర్స్’ గురించి క్లుప్తంగా చెప్తాను, అది 2003లో పుస్తకంగా వచ్చిన ఏకపాత్రల సంపుటి, ఒక్కో మనిషి వచ్చి నేరుగా మనతో మాట్లాడతాడు. మతకల్లోలాల నీడలో రాసినవి. అన్నీ ఒకే స్థాయిలో లేవు. ఒకదాంట్లో టీవీ అనౌన్సర్ అంతా మామూలుగానే ఉంది, కంగారు పడకండి అని చెప్తూ ఉంటుంది, అది బాగా పేలింది. సంపుటికి పేరిచ్చినదాంట్లో ఒకడు మనుషుల్ని నిప్పులనుకుని కాలితో తొక్కి ఆర్పడం గురించి ఎంతో మామూలుగా, ఇల్లు శుభ్రం చేసిన ముచ్చటలా చెప్తాడు. మిగతావి కాస్త ఉపన్యాసంలా తగిలాయి నాకు. కాలేజీ పిల్లలు స్టేజి ఎక్కడానికి మాత్రం ఇవే సులువు: సెట్టు అక్కర్లేదు, ఒక మనిషి, ఒక కుర్చీ చాలు.

మొత్తానికి నాలుగున్నర స్టార్లు. ఆ అర స్టారు ‘హార్వెస్ట్’ అత్తగారికి కోశాను. నవలలా చదువుకుందామనుకునేవాళ్ళు ‘లైట్స్ అవుట్’ కొనకండి, నాలాగే విసుగొచ్చి, మొదటి పది పేజీల్లోనే వదిలేస్తారేమో. ఆరుగురు దొరికితేనే కొనండి, పైకి చదవండి, గంటన్నరలో అయిపోతుంది. పిల్లలు ఇంట్లో లేని రోజు పెట్టుకోండి. గ్లాసు స్టీలుదే వాడండి, గాజుది అంతగా మోగదు.

వచ్చే నెల ‘హార్వెస్ట్’ చదువుదామనుకుంటున్నాం. అత్తగారి పాత్ర నాకే కావాలి, సోఫా నాది అని వదిన అప్పుడే రిజర్వు చేసేసుకుంది. మా ఆయన ఓం చదవనన్నాడు, గార్డు అయితే ఓకేనట. జయ ఎవరని అడిగితే పై ఫ్లోర్ అమ్మాయి చెయ్యెత్తింది. ఈసారి డైలాగులు ఎన్ని ఉన్నాయో ముందే లెక్కపెట్టుకుందట.